మరి పెద్దపిల్లల సంగతి?

ఇంట్లో ఒక పిల్లకి కళ్లకలక వచ్చిందంటే తెల్లారేసరికి మిగతా పిల్లల కళ్లు కూడా చూస్తుంది తల్లి. ఒకరి తలలో పేలు కనబడితే ఆదివారంనాడు అందరినీ వరసగా కూర్చోబెట్టి దువ్వుతుంది. తాతయ్యకు క్షయ అని తేలితే ఆరోగ్య కార్యకర్త ఇంటికొచ్చి, ‘చిన్నపిల్లలు ఎంతమంది ఉన్నారమ్మా?’ అని అడుగుతుంది. జబ్బు ఒకచోట బయటపడితే దానికి దగ్గరగా ఉన్నచోటే ముందు వెతకాలన్నది మనకు ఎవరూ నేర్పక్కర్లేని తెలివి.

హెచ్‌ఐవి దగ్గరకొచ్చేసరికి ఆ తెలివి ఏమైపోతోంది?

చంటిబిడ్డకు అయింది... మరి అక్కకు?

కడుపుతో ఉన్న ఒక ఇల్లాలిని ఊహించుకోండి. మూడోనెలలో ఆసుపత్రికి వెళ్లింది. హిమోగ్లోబిన్‌, షుగరు పరీక్షలతో పాటు హెచ్‌ఐవి పరీక్ష కూడా చేశారు. ఉందని తేలింది. వెంటనే మందులు మొదలుపెట్టారు. కాన్పు ఆసుపత్రిలోనే జరిగింది. బిడ్డకు పుట్టగానే మందు పట్టించారు. ఆరువారాలకు మడమ దగ్గర చిన్న సూదిపోటుతో రక్తం తీసి పరీక్షకు పంపారు. బిడ్డకు లేదని తేలింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

సంతోషమే! కానీ ఆమెకు అది మూడో కాన్పు. ఇంటి దగ్గర నాలుగో తరగతి చదివే కూతురు, ఏడో తరగతి చదివే కొడుకు ఉన్నారు. వాళ్లమాట ఎవరడిగారు? ఆమెకు హెచ్‌ఐవి ఎప్పుడు సోకిందో ఎవరికీ తెలియదు. ఈ రెండేళ్లలో సోకి ఉండొచ్చు, పదేళ్ల కిందటా సోకి ఉండొచ్చు. కిందటి కాన్పులు పుట్టింట్లోనో, పరీక్షలు సరిగా జరగని చోటో అయి ఉండొచ్చు. లేదా కడుపుతో ఉండగా చేసిన పరీక్షలో ‘లేదు’ అని వచ్చి, పాలిచ్చే రోజుల్లో సోకి ఉండొచ్చు.

‘పెద్దాళ్లకేం, నిక్షేపంలా ఉన్నారు’ అంటారు ఇంట్లోవాళ్లు. ఆ ఒక్క మాట దగ్గరే కథ ఆగిపోతుంది. కొడుకు ఈడువాళ్లకన్నా బెత్తెడు పొట్టిగా ఉంటాడు. ‘వాళ్ల తాత పోలిక’ అంటారు. కూతురికి ఏడాదిలో మూడుసార్లు నిమ్ము చేస్తుంది. ‘దానికి చలి పడదు’ అంటారు. చెవి కారుతుంది, చర్మం మీద పుండ్లు మానవు, నోటిపూత తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. ఒక్కోదానికి ఒక్కో డాక్టరు, ఒక్కో మందు. అన్నిటినీ కలిపి చూసేవాళ్లే ఉండరు.

పుట్టుకతో హెచ్‌ఐవి వచ్చిన పిల్లలు చిన్నతనంలోనే పోతారని ఒకప్పుడు అందరూ అనుకునేవారు. చాలామంది విషయంలో అది నిజమే. అయితే మందులేవీ లేకుండానే పదేళ్లు, పన్నెండేళ్లు నెట్టుకొచ్చే పిల్లలు కూడా ఉంటారని ఆఫ్రికా దేశాల అనుభవం చెప్పింది. వాళ్లు బాగున్నట్టే కనిపిస్తారు. లోపల మాత్రం రోగాన్ని అడ్డుకునే శక్తి ఏటికేడాది కరిగిపోతూ ఉంటుంది. ఎదుగుదల, చదువు, ఊపిరితిత్తులు అన్నీ దెబ్బతింటూ ఉంటాయి. కనిపెట్టిన రోజు ఎంత ముందుంటే అంత మిగులుతుంది.

అంటుకోవడం గురించి కాదు

ఇక్కడ ఒక్కమాట స్పష్టంగా చెప్పుకోవాలి. అక్కకు, అన్నకు పరీక్ష చేయించమనడం చంటిబిడ్డ నుంచి వాళ్లకు అంటుకుంటుందని కాదు. ఒకే కంచంలో తిన్నా, ఒకే మంచం మీద పడుకున్నా, ఒకరి గౌను ఇంకొకరు తొడుక్కున్నా హెచ్‌ఐవి రాదు. ముద్దు పెట్టుకున్నా రాదు, దోమ కుట్టినా రాదు. వాళ్లందరికీ తల్లి ఒకరే. ఆ తల్లి గర్భం, ఆ కాన్పు, ఆ పాలు... ఇవే పరీక్షకు కారణం.

కాబట్టి తల్లి పరీక్షే పిల్లల పరీక్షకు తాళంచెవి. పాలిచ్చే రోజులు పూర్తయ్యాక కూడా తల్లికి హెచ్‌ఐవి లేదని తేలితే తల్లి ద్వారా పిల్లలకు వచ్చిందేమోనన్న భయం ఉండదు. తల్లికి ఉందని తేలితే ఆమె కన్న పిల్లలందరికీ వయసుతో నిమిత్తం లేకుండా ఒక్కసారి పరీక్ష చేయించాలి. తల్లి లేదు, ఏ జబ్బుతో పోయిందో తెలియదు అంటే పిల్లలకే నేరుగా చేయించాలి. ఇందులో తికమకేమీ లేదు.

తండ్రికి ముందు బయటపడితే? అప్పుడు భార్యకు పరీక్ష, ఆమెకు ఉంటే పిల్లలకు పరీక్ష. ఆ వరస తప్పకూడదు.

ఆరువారాల పరీక్ష ఎందుకు?

చంటిపిల్లల విషయంలో చాలామంది తల్లులకు ఒక సందేహం. ‘ఆరువారాలకు చేశారు కదా, మళ్లీ మళ్లీ ఎందుకు రమ్మంటారు?’ అని. బస్సు ఛార్జీలు, పని మానుకోవడం, అత్తగారి ప్రశ్నలు... వాళ్ల విసుగు న్యాయమైందే. కానీ కారణం తెలిస్తే ఆ విసుగు కొంత తగ్గుతుంది.

మామూలు హెచ్‌ఐవి పరీక్ష వైరస్‌ను చూడదు. దాన్ని ఎదుర్కోవడానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను చూస్తుంది. తల్లి యాంటీబాడీలు బిడ్డకు కూడా వస్తాయి. ఏడాదిన్నర దాకా ఉండొచ్చు. అంటే బిడ్డకు హెచ్‌ఐవి లేకపోయినా ఆ పరీక్షలో ఉన్నట్టే కనిపిస్తుంది! అందుకే 18 నెలల లోపు పిల్లలకు వైరస్‌నే నేరుగా వెతికే పీసీఆర్‌ పరీక్ష చేస్తారు. రక్తపు చుక్కల్ని ప్రత్యేకమైన కాగితం మీద ఆరబెట్టి ప్రయోగశాలకు పంపుతారు. మనదేశంలో ఈ ఏర్పాటు 2010లో మొదలైంది.

ఆరువారాలకు లేదని వచ్చినా తల్లిపాలు తాగుతున్నన్నాళ్లూ కొంత ప్రమాదం ఉంటుంది. తల్లి మందులు క్రమం తప్పకుండా వేసుకుంటే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది. అందుకని పాలు మాన్పించవద్దు, మందులూ మానవద్దు. ఆరోనెల, ఏడాది, ఏడాదిన్నర పరీక్షలు కూడా పూర్తిచేయాలి. చివరి పరీక్ష అయ్యాకే, అదీ పాలు మాన్పించాక చేసిన పరీక్షలో లేదని తేలాకే, ఇక బెంగలేదనుకోవాలి.

అంత తొందరేమిటంటారా? చికిత్స అందకపోతే, పుట్టుకతో హెచ్‌ఐవి వచ్చిన పిల్లల్లో దాదాపు సగంమంది రెండో పుట్టినరోజు చూడరు. దక్షిణాఫ్రికాలో పసికందులపై జరిగిన పరిశోధన ఫలితాలు 2008లో వచ్చాయి. జబ్బు లక్షణాలు కనిపించేదాకా ఆగకుండా మూడునెలల లోపే మందులు మొదలుపెడితే మరణాలు 76 శాతం తగ్గాయని అందులో తేలింది. నలుగురు పోవాల్సినచోట ముగ్గురు బతికారన్నమాట! ఆరువారాల పరీక్ష విలువ అంత.

బడి మొత్తాన్ని పరీక్షిస్తే పోదా?

‘ఇంత తంటా ఎందుకు? బళ్లలో పిల్లలందరికీ ఒకేసారి చేసేస్తే పోదా?’ అని అడిగేవాళ్లున్నారు. వినడానికి బాగుంటుంది. కాస్త లెక్క వేసి చూద్దాం.

వెయ్యిమంది పిల్లల్లో ఒక్కరికి హెచ్‌ఐవి ఉన్న ఊరనుకోండి. 10,000 మందిని పరీక్షిస్తే నిజంగా ఉన్నవాళ్లు 10 మంది. పరీక్ష ఎంత మంచిదైనా వెయ్యిలో ఐదుసార్లు లేనివాళ్లకు ఉందని చెప్పిందనుకుందాం. అప్పుడు దాదాపు 50 మంది ఏ పాపం ఎరగని పిల్లలకు ‘ఉంది’ అని వస్తుంది. తర్వాత వేరేరకం పరీక్షలు చేస్తే అది తప్పని తేలుతుంది. మన కేంద్రాల్లో ఒక్క పరీక్షతో ఎవరికీ ఉందని చెప్పరు, మూడురకాల పరీక్షలు చేసి గాని తేల్చరు. కానీ ఈలోగా ఏం జరుగుతుంది? హెడ్‌మాస్టారి గదిలోకి రెండోసారి పిలిపించిన పిల్ల పేరు సాయంత్రానికి ఊరంతా పాకుతుంది. పరీక్ష తప్పని తేలినా ఆ పేరు పోతుందా?

ఇప్పుడు రెండోవైపు చూడండి. మందులేవీ వాడని హెచ్‌ఐవి ఉన్న తల్లులకు పుట్టిన పిల్లల్లో నూటికి 15 నుంచి 45 మందికి సోకే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తల్లీబిడ్డలకు మందులు సరిగా అందితే అది 5 శాతం లోపుకు దిగుతుంది. అంటే మందులు అందని రోజుల్లో పుట్టిన పిల్లలు ఎక్కడున్నారో కనుక్కుంటే చాలు... వేలమందిని వరసలో నిలబెట్టనక్కర్లేదు. ఆ చిరునామాలు ఎక్కడో లేవు. మందులకోసం ప్రతినెలా ఏఆర్‌టీ కేంద్రానికి వచ్చే తల్లుల దగ్గరే ఉన్నాయి. ‘మీకు ఎంతమంది పిల్లలు? అందరికీ పరీక్ష అయిందా?’ ఈ రెండు ప్రశ్నలు ప్రతి తల్లినీ, ప్రతి తండ్రినీ అడిగితే సగం పని అయినట్టే.

ఇది మన రాష్ట్రాలకు మరీ అవసరం. 2021 అంచనాల ప్రకారం పెద్దవాళ్లలో హెచ్‌ఐవి ఉన్నవారు దేశం మొత్తం మీద 0.21 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం, తెలంగాణలో 0.47 శాతం. ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 3 లక్షల పైచిలుకు మంది హెచ్‌ఐవితో జీవిస్తున్నారు. వాళ్లందరికీ ఇళ్లున్నాయి. ఆ ఇళ్లలో పిల్లలున్నారు.

ప్రపంచం మొత్తం లెక్కా మనకు ధైర్యమిచ్చేలా లేదు. 2023లో హెచ్‌ఐవి ఉన్న పెద్దవాళ్లలో నూటికి 77 మందికి మందులు అందితే, 15 ఏళ్లలోపు పిల్లల్లో 57 మందికే అందాయి. హెచ్‌ఐవి ఉన్నవాళ్లలో పిల్లలు 3 శాతమే. ఎయిడ్స్‌ మరణాల్లో మాత్రం వాళ్లది 12 శాతం! మందులు లేక కాదు, ఆ పిల్లల్లో చాలామందికి ఉందన్న సంగతే తెలియక.

నాలుగు ప్రశ్నలు

తల్లి సంగతి తెలిసినచోట దారి సులువు. తెలియనిచోట? పిల్లాడు అమ్మమ్మ దగ్గరో, పెదనాన్న దగ్గరో పెరుగుతుంటే? ఇలాంటి పిల్లలు ఎక్కువగా ఉన్న దేశం జింబాబ్వే. అక్కడి రాజధాని హరారేలో వైద్యులు 6 నుంచి 15 ఏళ్ల పిల్లల కోసం ఒక చిన్న పద్ధతి తయారుచేశారు. నాలుగే ప్రశ్నలు. తల్లి గాని తండ్రి గాని చనిపోయారా? ఇంతకుముందు ఎప్పుడైనా ఆసుపత్రిలో చేర్చారా? చర్మ వ్యాధులు పదేపదే వస్తున్నాయా? గత మూడునెలల్లో ఆరోగ్యం బాగులేదా? వీటికి వచ్చిన జవాబుల్ని బట్టి ఎవరికి ముందుగా పరీక్ష చేయాలో నిర్ణయిస్తారు.

జింబాబ్వేలో హెచ్‌ఐవి మనకన్నా ఎన్నోరెట్లు ఎక్కువ. కాబట్టి ఆ నాలుగు ప్రశ్నల్ని యథాతథంగా తెచ్చుకుని ప్రతి ఊళ్లో వాడమనడం లేదు. పైగా ప్రశ్నలు పరీక్షకు బదులు కావు. అయితే అందులోని ఆలోచన మనకు పనికొస్తుంది. ఖరీదైన యంత్రాలేవీ లేకుండా ఒక నర్సు, ఒక ఆశా కార్యకర్త కూడా అడగగల ప్రశ్నలవి. అవి అడిగేది పిల్లాడి తప్పు గురించి కాదు, పిల్లాడి కష్టం గురించి.

మన దగ్గర కూడా ముందుగా చూడాల్సిన చోట్లు ఉన్నాయి. క్షయ ఉన్న ప్రతి రోగికీ హెచ్‌ఐవి పరీక్ష చేయాలన్నది మన జాతీయ విధానం. అది పిల్లలకూ వర్తిస్తుంది, వాళ్లకు తప్పకుండా జరగాలి. ఎంత పెట్టినా బరువు పెరగక పోషకాహార కేంద్రాల్లో చేరిన పిల్లలు, నిమ్ము, విరేచనాలతో పదేపదే ఆసుపత్రి పాలయ్యే పిల్లలు, చిన్నవయసులోనే అక్కి వచ్చిన పిల్లలు, మెడకింద గ్రంథులు వాచి తగ్గని పిల్లలు, తలసేమియా వల్ల తరచూ రక్తం ఎక్కించుకునే పిల్లలు... వీళ్ల విషయంలో డాక్టరు ‘ఒకసారి హెచ్‌ఐవి కూడా చూద్దాం’ అంటే తల్లులు ఉలిక్కిపడొద్దు, కోప్పడొద్దు. ‘మా ఇంటివాళ్లను అంతమాటంటారా’ అని లేచి రావద్దు. అది అనుమానం కాదు, జాగ్రత్త. లేదని తేలితే మంచిదే, అసలు జబ్బు ఏమిటో వెతకొచ్చు. ఉందని తేలితే ఇంకా మంచిది... ఇన్నాళ్లూ దొరకని జవాబు దొరికినట్టే!

పద్నాలుగేళ్ల పిల్ల ఎవరితో చెప్పాలి?

టీనేజీ పిల్లల్లో రెండురకాల వాళ్లున్నారు. పుట్టుకతోనే వచ్చి ఇంతవరకూ బయటపడనివాళ్లు ఒకరు. ఈ వయసులో కొత్తగా సోకినవాళ్లు ఇంకొకరు. వీళ్లను కనిపెట్టే దారులు వేరు. మొదటివాళ్లు ఇంటి ద్వారా దొరుకుతారు. రెండోవాళ్లు ఇంటికి భయపడి దాక్కుంటారు.

మన దేశంలో 18 ఏళ్లలోపు వాళ్లకు పరీక్ష చేయాలంటే తల్లిదండ్రులో, సంరక్షకులో ఒప్పుకోవాలి. చిన్నపిల్లల విషయంలో అది సరే. పదహారేళ్ల కుర్రాడు భయపడి పరీక్ష చేయించుకుందామనుకుంటే, నాన్నను వెంటబెట్టుకుని రమ్మంటే వస్తాడా? దక్షిణాఫ్రికాలో 2005 బాలల చట్టం 12 ఏళ్లు నిండిన పిల్లలు తామే ఒప్పుకుని పరీక్ష చేయించుకోవచ్చంది. మన 2017 హెచ్‌ఐవి, ఎయిడ్స్‌ చట్టం చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. హెచ్‌ఐవి బారినపడిన కుటుంబాన్ని నడుపుతూ, తగినంత అవగాహన ఉన్న 12 ఏళ్ల పిల్ల తన తమ్ముడికి, చెల్లెలికి సంరక్షకురాలు కావచ్చునని అది ఒప్పుకుంది. బళ్లో చేర్పించడం, చికిత్స ఇప్పించడం లాంటివి ఆమె చేయొచ్చు. ఇల్లు మోయడానికి పెద్దదైన పిల్ల, తన రక్తపరీక్షకు ఒప్పుకోవడానికి చిన్నదవుతుందా? దీని గురించి మన శాసనకర్తలు ఆలోచించాలి.

ఇంకో మాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 20-24 ఏళ్ల మహిళల్లో 18 నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. అలా పెళ్లిచేసి పంపిన ఎంతోమంది పిల్లలకు హెచ్‌ఐవి మొదటి పరీక్ష జరిగేది కడుపొచ్చాకే. తానే ఇంకా పిల్ల. అప్పుడు తెలుస్తుంది, తనకు ఉందని. పక్కనున్న భర్తకు అప్పటిదాకా ఎవరూ పరీక్షే చేసి ఉండరు. ఆ పిల్లను కాపాడగలిగిన పరీక్ష ఏదైనా ఉందంటే అది పెళ్లికి ముందు అడగాల్సిన పదో తరగతి సర్టిఫికెట్టు మీది పుట్టినతేదీయే!

అఘాయిత్యానికి గురైన పిల్లల విషయం మరీ తొందరైంది. హెచ్‌ఐవి సోకకుండా అడ్డుకునే మందులు 72 గంటల లోపు మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి. ఎంత ముందు మొదలుపెడితే అంత మేలు. పరువు గురించి ఇంట్లో చర్చలు జరుపుతూ కూర్చుంటే ఆ మూడురోజులూ గడిచిపోతాయి. ముందు ఆసుపత్రి. మిగతావన్నీ తర్వాత. ఈ ఒక్క సంగతి ప్రతి తల్లికీ తెలిసి ఉండాలి.

నింద తల్లికేనా?

ఇంతా చెప్పాక అసలు అడ్డంకి దగ్గరకు రాక తప్పదు. పెద్దపిల్లలకు పరీక్ష చేయించడానికి తల్లులు ఎందుకు వెనకాడతారు? ప్రేమ లేకా? కాదు. ఆ పిల్లకు ఉందని తేలితే ‘నీవల్లే’ అంటారని.

మన ఇళ్లలో మొదట పరీక్ష జరిగేది ఆడదానికే. కడుపుతో ఉంది కాబట్టి. అందువల్ల ఇంట్లో జబ్బు ఆమె పేరుతోనే బయటపడుతుంది. మొదట తెలిసినవాళ్లు మొదట తెచ్చినవాళ్లు కారన్న చిన్న సంగతి అత్తింట్లో ఎవరికీ పట్టదు. భర్త పరీక్షకు రాడు, వచ్చినా ఫలితం ఎవరికీ చెప్పడు. ఆమె మాత్రం పుట్టింటికి చేరుతుంది. ఇన్ని చూసిన మనిషి ఇంకో పరీక్షకు ధైర్యంగా ఎలా వెళుతుంది?

ఆ తల్లులకు ఒకమాట చెప్పాలి. మీ పెద్దపిల్లలు పుట్టినప్పుడు వైద్యం ఎంత ఉందో గుర్తుచేసుకోండి. ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇవ్వడం మన దేశంలో మొదలైందే 2004 ఏప్రిల్‌ 1న. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు, కడుపుతో ఉన్న చాలామందికి కాన్పు సమయంలో ఒక్క నెవిరపిన్‌ మాత్ర, బిడ్డకు ఒక్క మోతాదు మందు... అంతే. ఉగాండాలో జరిగిన పరిశోధనలో ఆ ఒక్క మాత్రే ప్రమాదాన్ని దాదాపు సగానికి తగ్గించిందని 1999లో తేలింది. అప్పటికి అదే గొప్ప. మరి మిగతా సగం? హెచ్‌ఐవి ఉన్న ప్రతి గర్భిణికీ జీవితాంతం మూడు మందుల చికిత్స ఇవ్వడం 2014లో గాని మొదలు కాలేదు. ఆనాడు మీకు అందని మందుకు ఈనాడు మీరెలా బాధ్యులవుతారు?

ఇవ్వాళ్టి మాట వేరు. 2017 నుంచి, ఉందని తేలిన ప్రతివారికీ వయసు, లక్షణాలతో పనిలేకుండా వెంటనే మందులిస్తున్నారు. పిల్లలకోసం నీళ్లలో కరిగే డోలుటెగ్రావిర్‌ మాత్రలు వచ్చాయి, చేదు సిరప్‌తో రోజూ యుద్ధం చేసే పరిస్థితి మారుతోంది. మందులు మానకుండా వాడితే వైరస్‌ పరీక్షకు కూడా దొరకనంతగా తగ్గిపోతుంది. పిల్లలు ఎదుగుతారు, చదువుకుంటారు, ఉద్యోగాలు చేస్తారు. వైరస్‌ అలా అణిగి ఉన్నంతకాలం శృంగారం ద్వారా ఇంకొకరికి సోకదు కూడా. రేపు పెళ్లి చేసుకుని, జాగ్రత్తలు తీసుకుని, హెచ్‌ఐవి లేని బిడ్డను కనొచ్చు.

పిల్లలకు ఏం చెప్పాలన్నది ఇంకో బెంగ. ‘జ్వరానికి రక్తం తీస్తున్నారు’ అని అబద్ధం చెప్పి తీసుకెళ్లడం తేలిక. కానీ పిల్లలు మనం అనుకున్నంత అమాయకులు కారు. అమ్మ చాటుగా ఏడవడం, డబ్బాలోంచి మాత్రలు కాగితంలోకి మార్చడం వాళ్లు చూస్తూనే ఉంటారు. బడి వయసు పిల్లలకు వాళ్ల సంగతి వాళ్లకు చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే సూచించింది. ఒకేరోజు అంతా చెప్పేయమని కాదు. ‘నీ రక్తంలో ఒక పురుగుంది, ఈ మాత్ర దాన్ని నిద్రపుచ్చుతుంది’ అని మొదలుపెట్టి, వయసుతోపాటు మాట పెంచుకుంటూ పోవచ్చు. ఎలా చెప్పాలో కేంద్రంలోని కౌన్సెలర్‌ సాయం చేస్తారు. పొరుగువాళ్ల నోటి నుంచి తెలిసేకంటే అమ్మ నోటి నుంచి తెలియడం నయం కదా!

మనం అడగాల్సినవి

2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవి, ఎయిడ్స్‌ చట్టం మనకు కొన్ని హక్కులిచ్చింది. ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదు. ఫలితాన్ని బయటపెట్టకూడదు. బళ్లో చేర్చుకోవడానికి హెచ్‌ఐవి పరీక్ష కాగితం అడగకూడదు, హెచ్‌ఐవి ఉందని పిల్లల్ని బళ్లోంచి పంపేయకూడదు. ఇది చట్టం పుస్తకంలో ఉంటే చాలదు, స్కూలు కమిటీల్లో కూర్చునే అమ్మలకు తెలిసి ఉండాలి.

ప్రభుత్వాన్ని అడగాల్సినవి పెద్ద కోరికలేమీ కావు. ఏఆర్‌టీ కేంద్రంలో ప్రతి తల్లి, తండ్రి కార్డు మీద పిల్లలందరి పేర్లూ, వాళ్ల పరీక్ష అయిందో లేదో రాసే చోటు ఉండాలి, ఆ చోటు ఖాళీగా మిగలకూడదు. భార్యకు ఉందని తేలినరోజే భర్తను కూడా పిలవాలి. పిల్లల పరీక్షలు ఆదివారాల్లోనో, బడి సెలవుల్లోనో చేయాలి, బడి మానేసి ఎందుకు వెళ్లావని ఎవరూ అడగకుండా. అమ్మమ్మో, పిన్నో తీసుకొచ్చిన పిల్లల్ని కాగితాలు లేవని తిప్పి పంపకూడదు. కేంద్రం బోర్డు దగ్గర నిలబడితే ఊరంతా చూసే చోట కాకుండా, పిల్లల విభాగంలోనే రక్తం తీసే ఏర్పాటు ఉండాలి.

ఇక మన వంతు. మీకు తెలిసిన ఇంట్లో ఎవరికైనా హెచ్‌ఐవి ఉండొచ్చు. ఎవరికి, ఎలా వచ్చిందని ఆరాతీయడం మన పని కాదు. ఆమె తనంతట తాను మీతో చెప్పుకుంటే మాత్రం, ఓదార్చి ఊరుకోకండి. ‘పెద్దపిల్లలకు కూడా చేయించావా తల్లీ? లేకపోతే నేను తోడొస్తాను’ అనండి. పరీక్ష ఉచితం, మందులు ఉచితం. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 1097కు ఫోన్‌ చేస్తే చెబుతారు, పేరు చెప్పనక్కర్లేదు.

కేంద్రం ఉంది, పరీక్ష ఉంది, మందు ఉంది. బస్టాండు దాకా వెంట నడిచే మనిషే కావాలి. ఆ మనిషి మీరెందుకు కాకూడదు?